పదిహేడో నంబరు ఇంటి దోమలు

ఆయన్ని ఊళ్ళో అందరూ దోమలాయన అంటారు. పిల్లలైతే ఎదురుగానే అంటారు. ఆయనా ఏమీ అనుకోడు, పిలిచేవాళ్ళు ఉండటమే గొప్ప. పిల్లల్లేరు. భార్య పోయి నాలుగేళ్ళయింది.

సోమవారం ఇరవై ఇళ్ళలో దోమలు పట్టే ట్రాపులు తగిలిస్తాడు. గురువారం దింపి, చల్లటి పలక మీద పరిచి, ఆడదోమల్ని ఏరి, ట్యూబులో వేసి ఇంటి నంబరు అంటిస్తాడు. వాటిలో వైరస్ ఉంటే ల్యాబ్‌లో దాని జన్యుక్రమాన్ని అక్షరమక్షరం చదివి, ఎక్కడిదో, ఎటు పాకుతోందో చెబుతారు. ఆయనకు మాత్రం ఈ ఉద్యోగమంటే ఇరవై తలుపులు. వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు తలుపు తీసి, "రండి, మంచినీళ్ళు తాగుతారా?" అంటారు. ఇంకెక్కడా ఆయన్ని రమ్మనేవాళ్ళు లేరు.

మూడు నెలల కిందట పదిహేడో నంబరు ఇంటావిడ ముఖం మీదే తలుపేసింది. "దోమల్ని పట్టడానికా, పెంచడానికా మీరొచ్చింది?" అంది. ఆ సంగతి పైన చెబితే మిగతా ఇళ్ళు కూడా ఇంకొకరికి అప్పగిస్తారేమోనని ఆయన భయం. ఆ ట్రాపును తన గదిలోనే తగిలించి, ట్యూబు మీద మాత్రం పదిహేడని అంటించాడు. ఎక్కడి దోమైనా దోమే కదా అనుకున్నాడు. పాతికేళ్ళ సర్వీసున్న మనిషి అనుకోవలసిన మాటేనా అది!

ఒక మంగళవారం ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది.

"పదిహేడులో కొత్త రకం వైరస్ దొరికిందండీ. మన ఊళ్ళో ఇంతవరకూ లేదు. కడుపులో బిడ్డకి ప్రమాదం. రేపు పొద్దున్నే ఆ వీధంతా మందు కొట్టించి, అందరికీ రక్తపరీక్షలు చేయిస్తాం. మీరొచ్చి ఇల్లు చూపించండి."

ఆ వీధి ఊరికి ఆ చివర, ఈయన గది ఈ చివర. గోడకవతల ఏడో నెల గర్భిణి. ఆమెతో ఎన్నడూ మాట్లాడింది లేదు, గోడలోంచి వినిపించే నవ్వు మాత్రమే తెలుసు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. మిగిలిన పందొమ్మిది తలుపులూ నిలుస్తాయి.

"వింటున్నారా?"

"మేడమ్, అవి పదిహేడువి కావు. మా ఇంటివి," అన్నాడు.

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గంటలో మనుషుల్ని వెంటబెట్టుకుని ఆయన గదికి వచ్చి, ఆ వీధంతా మందు కొట్టించింది. పక్కింటావిడకి రక్తపరీక్ష చేయించింది. చేయి చాపి కూర్చున్న ఆ అమ్మాయి ఈయన్ని చూసి, "మీరుండేది ఇక్కడేనా?" అని ఆశ్చర్యపోయింది.

"సోమవారం నుంచి ట్రాపులు ఇంకొకరు చూస్తారు," అంది మేడమ్. ఆయన తలూపాడు. ఏడుపొచ్చింది కానీ, అంతమందిలో బాగుండదని ఆపుకున్నాడు.

"ఇదొక్కటి నింపండి. ఈ మూడు వారాల్లో మీ ఇంటికి ఎవరెవరొచ్చారో రాయాలి. దోమకి ఎవరో ఒకరి నుంచే అంటి ఉంటుంది."

ఆయన కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మేడమ్‌కి ఓపిక నశించింది. "గుర్తున్నంత వరకే రాయండి."

"అంతా గుర్తుంది మేడమ్. ఎవరూ రాలేదు," అన్నాడాయన. "నాలుగేళ్ళలో మీరే మొదలు."