వారపత్రికలో మా అమ్మ మాట

మా జిల్లా పేరు పత్రికలో కనబడితే నాకు ముందు భయమే వేస్తుంది. తమిళనాడులో మా ధర్మపురి అంటే అయితే కరువు, కాకపోతే ఎన్నికలు, అదీ కాకపోతే ఎవరో ఎవరితోనో లేచిపోయిన గొడవ. ఈ మధ్య వారపత్రికల తీరు కొంచెం మారింది. ముందు పేజీల్లో మంత్రులు, కోర్టులు, యుద్ధాలు ఎప్పటిలాగే ఉంటాయి, మధ్యలో సినిమావాళ్ళు ఉంటారు. చివర మాత్రం ప్రయాణాలు, తిండ్లు. నిన్నమొన్నటిదాకా రాగి సంగటి అంటే ముఖం చిట్లించినవాళ్ళే ఇప్పుడు దానికి ఫోటో తీసి రంగుల పేజీలో వేస్తున్నారు. ఆ రంగుల పేజీ ఒకటి తిన్నగా మా ఇంటి మీదికే వచ్చింది.

ఏరియూరు పక్కన మాది ఆవులూ మేకలూ మేపుకునే ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మకు ఏ అక్షరాలూ రావు. మా వెనకింట్లో ఉండే పెద్దమ్మ, అంటే అమ్మకు పెద్ద తోడికోడలు, తమిళం బాగా చదువుతుంది. నేను చెట్టికరై కాలేజీలో ల్యాబు పని చేస్తూ వారమంతా అక్కడే ఉంటాను. శనివారం ఇంటికి వచ్చేటప్పుడు ధర్మపురి బస్టాండులో పత్రిక కొని తెస్తాను. సాయంత్రం పెద్దమ్మ అరుగు మీద కూర్చుని దాన్ని విప్పుతుంది. కళ్ళు తమిళం మీద పరిగెడుతుంటే నోటివెంట తెలుగు వస్తుంది. మంత్రి అబద్ధం చెబుతున్నాడనిపిస్తే అక్కడే ఆపి, నాలుగు తిట్టి, ఆ తర్వాతే ముందుకు పోతుంది. అమ్మకు లోకంలో జరిగేదంతా పెద్దమ్మ గొంతులోనే తెలుసు.

అలాంటి ఇద్దరికీ రెండేళ్ళు మాటల్లేవు. కారణం చెప్పుకుంటే సిగ్గు. బంధువులింటి గృహప్రవేశంలో పెద్దమ్మ చేసిన సంగటి ఉండలు కట్టిందని అమ్మ పదిమందిలో అనేసింది. మా వైపు ఆడమనిషిని అంతకంటే పెద్ద మాట అనక్కరలేదు. ఆ రెండేళ్ళూ నేను పెద్దమ్మ అరుగు మీద పత్రిక విని వస్తే, అమ్మ తనకేమీ పట్టనట్టు పొయ్యి ఊదుతూ, "ఆ కోర్టు కేసు ఏమాయనంట?" అని అడిగేది. పోయిన ఏడాది పెద్దమ్మ జ్వరంతో పడుకుంటే అమ్మ గంజి పట్టుకుపోయింది. అలా మాటలు కలిశాయి గానీ, తప్పు నాదంటే నాదని ఎవరూ అనలేదు. ఇద్దరూ అతికించిన కుండను మోస్తున్నట్టు జాగ్రత్తగా ఉంటూ వచ్చారు.

పెద్దమ్మ తన కూతురి కాన్పుకని బొమ్మిడి పోయి ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం, భుజాన కెమెరా వేసుకుని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మేము చదివే ఆ పత్రిక నుంచే. హొగెనకల్ జలపాతం చూసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఏం తినాలో రాస్తోందట. బస్సు దిగి అడిగితే అందరూ పెద్దమ్మ పేరే చెప్పారట. ఆమె ఊళ్ళో లేదని మా ఇల్లు చూపించారట. ఆ మాట ఆ అమ్మాయి దాచకుండా చెప్పేసింది.

అమ్మకు అది చాలు. తన సంగటి ముందు ఈ పక్క ఎవరిదీ నిలవదని, అది పుట్టింటినుంచి తెచ్చుకున్న విద్య అని తమిళంలో మొదలుపెట్టింది. మధ్యలో నావైపు తిరిగి తెలుగులో, "మా అక్క సంగటి అడిగినారంట! ఆమె ముద్దలతో గోడ కట్టొచ్చు, సిమెంటే వద్దు" అనింది. నాకూ నవ్వాగలేదు. మాకు అదొక అలవాటు. బస్సులో, రేషన్ అంగట్లో, ఆసుపత్రిలో, ఎదుటివాళ్ళ ముందే వాళ్ళ సంగతి తెలుగులో మాట్లాడేసుకుంటాం. ఇంట్లో తలుపేసుకుని మాట్లాడుకున్నంత ధైర్యం. అంతలో మేకలు ఇంటికి వస్తే కట్టేయడానికి నేను పెరట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి కెమెరా పక్కన పెట్టి ఉలవల పులుసుతో సంగటి తింటోంది, అమ్మ ఏదో గొణుక్కుంటూ వడ్డిస్తోంది.

తిన్నాక ఆ అమ్మాయి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "పోయొస్తానమ్మా. పులుసు శానా బాగుండాది" అనింది. అచ్చమైన హోసూరు పక్క తెలుగు.

అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నీకు మన మాట వస్తాదా?"

"మా ఇంట్లోనూ ఇదే కదమ్మా."

"ముందే చెప్పకూడదా పాపా?"

"మీరు మాట్లాడతా ఉంటే వినేదానికి బాగుండె."

"అంతా రాసేస్తావా?" అని అమ్మ అడిగే లోపల బస్సు హారను వినబడింది. ఆ అమ్మాయి నవ్వుతూ పరిగెత్తింది. ఫోను నెంబరు అడగాలన్న తెలివి మా ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది.

ఆ రోజునుంచి అమ్మకు కూడు సయించలేదు. "పోయిన తూరి నోటితో అంటేనే రెండేండ్లు పలకలేదు. ఈ తూరి అచ్చులో వస్తే సచ్చేదాకా నా మొగము చూడదు" అంటుంది. అది వచ్చిన వారం బస్టాండులో ఉండే పత్రికలన్నీ కొనేయమంటుంది. "తమిళనాడంతా తిరిగి కొనేదా?" అని నేను కసిరాను. కసిరానే గానీ నాకూ లోపల దడగానే ఉంది. ఎందుకంటే ఆ అరుగు మీద ఇద్దరినీ పక్కపక్కన చూసుకోవడం నాకిప్పుడిప్పుడే మళ్ళీ అలవాటవుతోంది.

ప్రతి శనివారం అంగట్లో నిలబడే పత్రిక తిరగేశాను. ఎన్నికల పొత్తులు, మండే ఎండలు, కూలిన వంతెన, ఎక్కడో బాంబులు, ఒక హీరో పెళ్ళి. ప్రయాణాల పేజీలో ఒక వారం మేఘాలయ, ఒక వారం రామేశ్వరం, ఒక వారం చెట్టినాడు మేడలు. లోకంలో అన్ని ఘోరాలు జరుగుతుంటే నేను వెతికింది మా అమ్మ నోటిదురుసు ఒక్కటే. మేఘాలయ బొమ్మ కనబడగానే హమ్మయ్య అనుకుని డబ్బులిచ్చేదాన్ని. అంగడాయన నన్ను వింతగా చూసేవాడు.

తర్వాత ఒక శనివారం నేను పోయేసరికి పత్రికలు అయిపోయాయి. ఉత్త చేతులతో ఇంటికి వచ్చి చూస్తే మా అరుగు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. బొమ్మిడి నుంచి అప్పుడే దిగినట్టుంది, సంచి పక్కనే ఉంది, ఇంకా తన ఇంటికి కూడా పోలేదు. ఒళ్ళో కొత్త పత్రిక. "ధర్మపురిలో బస్సు మారేటప్పుడు కొన్నాను. మీయమ్మను పిలువు" అనింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

అమ్మ వచ్చి కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడింది. పెద్దమ్మ మొదటి పేజీ తీసింది. మంత్రులను చదివింది, తిట్టింది. కోర్టు చదివింది. ఎవరో నటి విడాకులు పూర్తిగా చదివి, "పాపం, చిన్న వయసు" అని నిట్టూర్చింది. చివరికి రంగుల పేజీ తిప్పింది. పొయ్యి దగ్గర మా అమ్మ, చేతిలో సంగటి కట్టె. సంగటి ఎలా కెలకాలో, పులుసు ఎలా కాచాలో అంతా చదివింది. గోడ లేదు, సిమెంటు లేదు, పుట్టింటి విద్య లేదు. నేను ఊపిరి వదిలాను.

పెద్దమ్మ ఆగలేదు. "వడ్డిస్తూ ఆమె తనలో తాను తెలుగులో అనుకున్న మాట ఇది" అని చదివి, కళ్ళద్దాలు సరిచేసుకుంది. "నేను పెండ్లయి వచ్చినప్పుడు నాకు పొయ్యి ముట్టించేది కూడా రాదు. చేయి పట్టుకుని నేర్పింది మా అక్క. ఈ పొద్దు ఆమె ఉండింటే ఈ పిల్లకు నిజమైన సంగటి దొరికేది."

నేను పెరట్లో ఉన్నప్పుడు అన్న మాట కాబట్టి నేనూ అదే మొదటిసారి వినడం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నేనట్ల అననేలేదు" అనింది అమ్మ.

"అచ్చులో ఉండాది కదే" అనింది పెద్దమ్మ. ఆ వరుస మీద వేలు పెట్టి చూపించింది.

అమ్మ స్తంభం వదిలింది. తర్వాత సంచి అవతలికి జరిపి పెద్దమ్మ పక్కన కూర్చుంది.

"ఇంకోతూరి చదువక్కా" అనింది. "మంత్రులు వద్దు."