పలకరాళ్లకు పోయని నీళ్లు

“రాయి మీద నీళ్లు పోస్తూ ఉండమని చెప్పి వెళ్లాను కదక్కా. ఐదు రోజులు. అంత కష్టమైందా?”

“కష్టమో కాదో బావినడగండి అయ్యవారూ. నన్నెందుకు అడుగుతారు?”

“గని యజమానిని బతిమాలి బతిమాలి తెచ్చాను ఆ బండెడు రాయి. మళ్లీ ఇవ్వనని మొహం మీదే చెప్పాడు.”

“చెప్తే చెప్పినాడు. పిల్లోళ్లు దప్పికని వస్తే, ఉన్న రెండు బొక్కెనలు తీస్కపోయి రాళ్లకు పోసేదా? మీ కృష్ణా పక్క కాలవలు పారతాయేమో. ఈడ బొక్కెన ఏస్తే బురద వస్తది.”

“చేలో బావి ఉంది కదా.”

“ఉంది, మైలు దూరాన. మోసేది ఎవరు?”

ఆయన గోనెపట్టా ఎత్తి రాయిని తడిమి చూశాడు. నేను ఇక పొడిగించలేదు. ఇద్దరికీ ఓపిక లేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో సంగతి ఇది. మా తర్లుపాడు వైపు ఊళ్లన్నీ అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఊరి చివర కొట్టంలో బడి పెట్టి, ఈ అయ్యవారిని పంపించారు. బడి అయితే వచ్చింది కానీ పిల్లలు నిలిచేవాళ్లు కాదు. మధ్యాహ్నానికి ఆకలేసి ఇంటికి పోతే, ఇంట్లోవాళ్లు మేకల వెంట తోలేవాళ్లు. బడి ఎవరి మీదా ఆధారపడకుండా తన కూడు తాను సంపాదించుకోవాలని అయ్యవారు పట్టుబట్టాడు. మా పక్క పలకరాయికి కొదవ లేదు. గని నుంచి రాయి తెచ్చి, పెద్ద పిల్లలతో పలకలు చేయించి, బడికి కావలసినవి ఉంచుకుని మిగిలినవి చుట్టుపక్కల ఊళ్లలో ఇచ్చి జొన్నలు తెచ్చేవాడు. ఆ జొన్నలతో మధ్యాహ్నం అంబలి. అంబలి ఉన్నన్నాళ్లూ పిల్లలు కదలకుండా కూర్చున్నారు.

ఆ అంబలి కాచేది నేను. జీతం లేదు, అడగనూ లేదు. నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది. నా పిల్లలిద్దరూ అక్కడే చదివేవాళ్లు కాబట్టి వెళ్లేదాన్ని. ఇంటి పని ముగించుకుని పోయి, జొన్నలు విసిరి, నీళ్లు చేది, పొయ్యి ముందు కూర్చునేసరికి నడుము పడిపోయేది. ఎప్పుడు మానేద్దామా అని రోజూ అనుకునేదాన్ని. రోజూ వెళ్లేదాన్ని.

రాయి చీల్చడానికి గనిలో పనిచేసే ముసలాయన తన సెలవు రోజున వచ్చేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. గనిలోంచి తీసిన రాయి పచ్చిగా ఉండగానే ఉలి పెట్టాలి, అప్పుడే పొరలుగా విడుతుంది. ఆయన వచ్చేదాకా గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. ఆ వారం అయ్యవారు పని మీద మార్కాపురం వెళ్లాడు. రెండో రోజుకే బావి అడుగంటింది. పట్టాలు పొడిగానే కప్పి ఉంచాను. ఎండిన చింతపండు నీళ్లలో వేస్తే నానదా, ఎండిన తోలు తడిపితే మెత్తబడదా, రాయీ అంతే అనుకున్నాను. ఎవరినైనా అడిగితే తెలిసేది. అడిగే అలవాటు నాకు లేదు.

గొడవ అయ్యాక ఆ సాయంత్రం ఇద్దరం చేలో బావికి నాలుగుసార్లు తిరిగాం. అయ్యవారికి కుండ నెత్తిన పెట్టుకోవడం రాదు. సగం నీళ్లు చొక్కా మీదే పోసుకున్నాడు.

“చొక్కా బాగా నానింది అయ్యవారూ. దాన్ని చీలిస్తే పలకలొస్తాయేమో.”

“నవ్వే ఓపిక లేదక్కా,” అన్నాడు.

తెచ్చినవన్నీ రాళ్ల మీద కుమ్మరించి ఇళ్లకు పోయాం.

తెల్లవారి మామ వచ్చాడు. దిమ్మ మీద ఉలితో తట్టి, చెవి పెట్టి విన్నాడు.

“ఎండబెట్టినావు కదా కోడలా.”

“నిన్న తడిపినాం మామా.”

“ఎన్ని పోసినా ఇంతే. ఒకసారి ఎండిందంటే పొర విడవదు.”

అయినా పని మానలేదు. ఒక్కో దిమ్మకూ ఉలి పెట్టాడు. రాయి అడ్డంగా పగిలి ముక్కలయింది. బండెడు రాయికి పదకొండు పలకలు దక్కాయి. బడికి ఒక్కటీ ఉంచుకోలేదు. అయ్యవారు ఆ పదకొండూ సంచిలో వేసుకుని, భుజాన పెట్టుకుని జొన్నల కోసం నడిచిపోయాడు. మామ ఉలి కడిగి, చెట్టు నీడన పడుకున్నాడు.

మిగిలిన పిండితో అంబలి పలచగా కాచాను. పిల్లలు తాగారు. నలుగురు పెద్ద పిల్లలు గిన్నెలు కడిగి బోర్లించి, లోపలికి రాకుండా మేకల వైపు పోయారు. నేను చూస్తూ కూర్చున్నాను, పిలవలేదు.