క్యారేజీ లేని సైకిల్

ఇచ్చోడలో ఉద్యోగం చేసిన రెండేళ్లూ నా దగ్గర ఒక గేర్ల సైకిల్ ఉండేది. ఆ రకంలో చవకది. మోటు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు. వెనక మాత్రం మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు. సెలవు రోజుల్లో అడవి దారుల వెంట ఒక్కణ్నే తొక్కేవాణ్ని కాబట్టి వాటి అవసరం నాకు తోచలేదు.

ఒక ఆదివారం వాన పెద్దదైతే రోడ్డు పక్క బస్ షెల్టర్‌లోకి సైకిల్ తోసుకెళ్లాను. ఆదిలాబాద్ బస్సు కోసం ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. సైకిల్‌ను కాసేపు చూశాడు.

"క్యారేజీ లేదేంది బిడ్డా? ఎవలన్న ఎక్కుతనంటే ఏడ కూసోబెడ్తవ్?"

"ఎక్కేటోళ్లు ఎవలూ లేరు పెద్దయ్యా."

వాన తగ్గిందేమో చూద్దామని నేను రోడ్డు వైపు తిరిగాను.

"జర ఆగు" అంటూ లేచి, భుజం మీది తువ్వాలతో నా వీపు తుడవసాగాడు. వెనక చక్రం చిమ్మిన బురద నడుము నుంచి మెడ దాకా చారలా పట్టి ఉందట.

"గింత బురద పడుతుంటె ఎవ్వలు చెప్తలేరా నీకు?"

ఇంతలో బస్సొచ్చింది. ఆయన తువ్వాల దులుపుకుని ఎక్కి వెళ్లిపోయాడు.

అంతవరకు ఆ బురద నాకు చొక్కా ఉతుక్కునేటప్పుడే కనిపించేది. వాన పడ్డ ప్రతిసారీ ఆ చారతోనే హోటల్లో టీ తాగి, బజారంతా తిరిగి ఇంటికి చేరానన్నమాట.

మరుసటి నెల కరీంనగర్ వెళ్లినప్పుడు ఒక క్యారేజీ కొని తెచ్చి బిగించుకున్నాను. బదిలీ మీద వెళ్తూ సైకిల్ అమ్మేసిన రోజుకి కూడా ఆ క్యారేజీ రంగు ఎక్కడా గీసుకుపోలేదు.