బ్రేకు టీచరు కారు మీద గీత

ఆవిడను ఊళ్లో అందరూ బ్రేకు టీచరు అనేవారు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాని మీద ఆవిడ కాలు ఎప్పుడు పడుతుందో తెలియక, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవారు. డాక్టరైనా, పోలీసైనా, కొత్త కోడలైనా ఆవిడకు ఒకటే.

"అద్దం చూడు! అద్దం దేనికి పెట్టారు, తల దువ్వుకోడానికా?"

బండి వెనక్కి తీసేటప్పుడు ఎవరి మాటా నమ్మొద్దన్నది ఆవిడ మొదటి పాఠం. "వెనకాల నిలబడి రా రా అనేవాడికేం పోయింది? గుద్దుకున్నాక వాడు ఇంటికి పోతాడు, నువ్వు షెడ్డుకి పోతావు" అని మరీ చెప్పేది.

ఆవిడ సొంత కారు లేత గోధుమరంగుది. పాతదే అయినా ఒంటి మీద ఒక్క గీత ఉండేది కాదు. కొత్తగా చేరినవాళ్లను దాని దగ్గరికి తీసుకెళ్లి, "చెయ్యి వేసి చూడండి" అనేది. పాపం వాళ్లు గుర్రాన్ని నిమిరినట్టు నిమిరేవారు.

ఒకరోజు పొద్దున్నే అత్తగారిని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు గోడ కట్టిస్తూ ఇటుకలు అడ్డంగా పోయించడంతో గేటు ఒక రెక్క సగమే తెరుచుకుంది. కారు వెనక్కి తీయడానికి చోటు అంతంత మాత్రం. అత్తగారు చేతికర్ర పట్టుకుని ముందే వీధిలోకి వెళ్లి నిలబడ్డారు.

"నేను చూస్తాలే అమ్మాయ్, నువ్వు తియ్యి" అన్నారు.

టీచరు అద్దంలో చూసింది. అత్తగారు చెయ్యి ఊపుతూ, "రా... రా... ఏం కాదు, రా" అంటున్నారు. అంత ముద్దుగా అత్తగారు పిలవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. పెద్దావిడ అంతగా పిలుస్తుంటే ఆగడం మర్యాద కాదనిపించింది. వచ్చింది. 'గర్ర్ర్' మంటూ గేటు గడియ కారు పక్క భాగాన్ని వెనక తలుపు నుంచి ముందు తలుపు దాకా గీరేసింది.

టీచరు దిగి పరుగున వెనక్కి వచ్చింది. అత్తగారి చేతిలో బిస్కెట్టు ముక్క ఉంది. ఎదురుగా ఎదురింటివాళ్ల కుక్కపిల్ల తోక ఊపుతోంది.

"అత్తయ్యా! మీరు రా రా అన్నారు కదా!"

"అన్నాను. దీన్ని అన్నాను. కుక్కపిల్లని పిలిస్తే నువ్వెందుకొచ్చావమ్మా?"



ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ మొదలైంది. భర్త స్కూలు యూనిఫారాలు కుట్టే టైలరు. గీత మీద బొటనవేలు ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపి, "లోపలి రేకు కొన్నిచోట్లే కనబడుతోంది. చొక్కా చిరిగితే రఫ్ఫు చేసుకుంటాం గానీ కొత్త చొక్కా కుట్టించుకుంటామా? గీత మేరకు టచప్ చేయిస్తే చాలు" అన్నాడు.

"అంటే నేను రఫ్ఫు చేసిన చొక్కా తొడుక్కుని ఊరికి పాఠాలు చెప్పాలా?"

"కారంతా రంగు వేయించు" అన్నారు అత్తగారు. "ఎర్రరంగు వేయించు. దూరం నుంచే కనబడుతుంది. కుక్కలు కూడా తప్పుకుంటాయి."

తల్లీకొడుకులు ఇద్దరూ చెరో పక్క పట్టడంతో టీచరు ఎటూ తేల్చుకోలేకపోయింది. ఈలోగా కారును డ్రైవింగ్ స్కూలు గోడకు ఆనించి, గీత పడ్డ వైపు ఎవరికీ కనబడకుండా నిలపడం మొదలుపెట్టింది. దాంతో ఆ వైపు తలుపులు తెరుచుకునేవి కావు. ఓసారి తోడు వచ్చిన అత్తగారు ముందు సీటులోంచి గేరు దాటి, స్టీరింగ్ కింద నుంచి పాకుతూ దిగాల్సి వచ్చింది. "తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఈ వయసులో ఈ శిక్షేమిటే తల్లీ?" అన్నారు బయటపడ్డాక.

మర్నాడు టీచరు షెడ్డుకు వెళ్లింది. పెయింటరు ఒకప్పుడు ఆవిడ దగ్గర తిట్లు తిని డ్రైవింగ్ నేర్చుకున్నవాడే. కారు చుట్టూ తిరిగి, పెదవి విరిచి, "టచప్ చేయొచ్చు టీచరమ్మా. కానీ ఎండలో గీత తెలిసిపోతుంది" అన్నాడు.

"తలుపులు రెండూ పూర్తిగా వేస్తే?"

"ముసలాయనకి రెండు పళ్లు కొత్తవి కట్టించినట్టుంటుంది. మిగతా రంగు ఎండకి వెలిసిపోయింది కదా."

"పోనీ ఆ వైపంతా వెయ్యి."

"ఈ వైపు నుంచి పెళ్లికూతురు, ఆ వైపు నుంచి పెళ్లికూతురి అమ్మమ్మ. అదీ బాగోదు."

"అయితే మొత్తం వేసెయ్యి!"

"మొత్తం వేస్తే లోపల సీట్లు పాతగా కనబడతాయి" అన్నాడు పెయింటరు, ఎంతో బాధగా.

టీచరు ఒక దండం పెట్టి కారెక్కింది. రెండు మనసులతో వెళ్లిన మనిషి నాలుగు మనసులతో తిరిగొచ్చింది.

ఆ తర్వాత కొద్దిరోజులకు పోస్టాఫీసు గుమాస్తా డ్రైవింగ్ స్కూలుకు వచ్చింది. అంతకుముందు ఆ అమ్మాయి నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఒకరోజు స్కూలు కారును కరెంటు స్తంభానికి రాసింది. ఆ రోజు టీచరు పెట్టిన చీవాట్లకు మళ్లీ అటువైపు చూడలేదు. ఇక మానేస్తున్నానని ముఖాన చెప్పిపోదామనే వచ్చింది. వచ్చే వేళకు టీచరు కారును గోడ నుంచి బయటికి తీస్తోంది. గీత ఎండలో తళతళలాడింది.

గుమాస్తా అక్కడే ఆగిపోయింది. "టీచర్... ఇది ఎవరు చేశారు?"

"ఎవరో గీకి పోయారు" అనే మాట టీచరు నాలుక చివరదాకా వచ్చింది. ఆ అమ్మాయి కళ్లలో కోపం గానీ, ఎత్తిపొడుపు గానీ లేవు. ఏదో ఆశ మాత్రం ఉంది. టీచరు ఇంజను ఆపేసింది.

"నేనే. మా అత్తగారు కుక్కపిల్లని రా రా అని పిలిచారు. నన్నే అనుకుని నేనొచ్చాను."

గుమాస్తా ముందు పెదవులు బిగబట్టింది. తర్వాత బుగ్గలు ఉబ్బాయి. ఆ తర్వాత స్కూలు మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. టీచరు కూడా దిగి వచ్చి, పక్కన కూర్చుని నవ్వేసింది. గీత పడ్డాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

"అయితే టీచర్, రేపు నేను రావచ్చా?" అంది ఆ అమ్మాయి, మానేస్తానని చెప్పడానికి వచ్చిన సంగతే మరిచిపోయి.

వచ్చింది. మలుపులో బండి ఆగిపోయింది. తిట్ల కోసం భుజాలు ముడుచుకుని కూర్చుంది. టీచరు నోరు తెరిచి, మూసి, "పర్లేదు, మళ్లీ స్టార్ట్ చెయ్యి" అంది. ఆ మాట స్కూల్లో దావానలంలా పాకింది. టీచరుకు ఒంట్లో బాగోలేదేమోనని కొందరు పరామర్శకు కూడా వచ్చారు.

ఇక కుక్కపిల్ల కథ ఊరంతా తెలిసిపోయింది. తెలిశాక కారంతా కొత్తరంగు పులిమి దాచేదేముంది? టీచరు షెడ్డుకు వెళ్లి, "టచపే. ఇంకో మాట మాట్లాడకు" అంది. పెయింటరు గీతను తడిపిన గరుకు కాగితంతో సుతారంగా రుద్ది, తుప్పు పట్టకుండా అడుగు పూత వేసి, రంగు కలిపి, సరిపోక మళ్లీ కలిపి, సన్నటి కుంచెతో దిద్దాడు. ఆరాక మెరుగు పెట్టాడు. నీడలో ఏమీ తెలియదు. ఎండలో మాత్రం జుట్టులో తెల్లవెంట్రుకలా ఒక లేత చార కనబడుతుంది.

టైలరు వంగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు. "మంచి రఫ్ఫు" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త ఎవరూ వినలేదు.

మిగిలిన రంగును పెయింటరు చిన్న సీసాలో పోసి ఇచ్చాడు, ముందు ముందు పనికొస్తుందని. ఆ సీసా ఇంటికొచ్చిన మర్నాడే కనబడలేదు. టీచరు అంతా వెతికి పెరట్లోకి వెళ్లేసరికి, అత్తగారు కాగితాల మీద తన చేతికర్ర పడుకోబెట్టి, తలగుడ్డ చుట్టుకుని, శ్రద్ధగా రంగు వేసుకుంటున్నారు.

"అత్తయ్యా, అది కారు రంగు!"

"తెలుసు లేవే. ఒకే ఇంట్లో తిరిగే బండ్లం, ఒకే రంగులో ఉంటే ముచ్చటగా ఉంటుంది" అని, "కాస్త ఆ చివర పట్టుకో, అడుగున కూడా వెయ్యాలి" అన్నారు.

టీచరు చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుని, కర్ర చివర పట్టుకుంది.