గరిష్ఠమని ఉంటే కసాగు ఎట్లా?

మా ఆయన తిరుపాల్ ధర్మవరం స్టేషన్‌లో కాంట్రాక్టు కింద రైలు బోగీలు కడుగుతాడు. పొద్దున పెనుకొండలో రైలెక్కి పోతాడు, సాయంత్రం రైలుకు తిరిగొస్తాడు. రైల్వేలోనే పర్మినెంటు ఉద్యోగం కొట్టాలని ఆయన పట్టుదల. పరీక్ష రాస్తూనే ఉన్నాడు, అది పోతూనే ఉంది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు. అందుకే ఇంటర్ దాకా చదివిన నేను ఆయనకు పంతులమ్మనయ్యాను.

అన్నీ ఎట్లాగో నెట్టుకొచ్చాం గానీ కసాగు దగ్గర బండి ఆగింది.

"కనిష్ఠ సామాన్య గుణిజం. కనిష్ఠమంటే చిన్నదే గదా?" అన్నాడు.

"అవును."

"పన్నెండుకూ పద్దెనిమిదికీ ముప్పై ఆరంటావు. రెండింటికన్నా పెద్దది తెచ్చి చిన్నదంటావేమి? గరిష్ఠమని చెప్పి గసాభా ఆరంటావు. ఈ పేర్లు పెట్టినోడు యాడుండాడు?"

నిజం చెప్పొద్దూ, నాకూ తికమకగానే అనిపించింది. కాసేపు ఆలోచించి చెప్పాను.

"మా చిన్నాయన మా నాయన కన్నా జానెడు పొడుగు. అయినా చిన్నాయనే గదా! అన్నదమ్ముల్లో చిన్నోడు. ఇదీ అంతే. ముప్పై ఆరు, డెబ్బై రెండు, నూట ఎనిమిది, అన్నీ ఆ రెండింటికీ గుణిజాలే. వాటిల్లో చిన్నది ముప్పై ఆరు."

తలూపాడు. ఆ ఊపుడు చూస్తే మా చిన్నాయన ఎక్కాడు గానీ కసాగు ఎక్కలేదని తెలిసిపోయింది. నాకు ఒళ్లు మండింది.

అనంతపురంలో పరీక్ష రాసి వచ్చిన రోజు మాత్రం ఆయన మొహం వెలిగిపోతోంది.

"పన్నెండు, పదిహైదు, పద్దెనిమిదితో శేషం లేకుండా భాగించబడే మూడంకెల గరిష్ఠ సంఖ్య ఏదని అడిగినారు భారతీ. గరిష్ఠమని ఉండాదే, కసాగు ఎట్లా చేసేది? గసాభా చేస్తి. మూడు వచ్చె. మూడంకెలది అడిగితే మూడు వచ్చె!"

నేను మనసులోనే లెక్క కట్టాను. కసాగు నూట ఎనభై. వెయ్యి లోపల దాని గుణిజాల్లో పెద్దది తొమ్మిది వందలు.

"మరేం చేసినావయ్యా?"

"తొమ్మిది వందల తొంభై తొమ్మిది కాడి నుంచి ఒక్కొక్కటే దిగుతా భాగించుకుంటా వస్తి."

"ఆప్షన్లు నాలుగే గదా! వాటిని భాగిస్తే సరిపోయేది."

"ఆప్షన్లు మోసం చేస్తాయి, నమ్మొద్దని మొదటి సారి రాసేటప్పుడు పోయిన కోచింగ్‌లో సారు చెప్పినాడు గదా. తొమ్మిది వందల కాడ మూడింటితోనూ శేషం లేకుండా పాయ. అదే పెట్టినా. కరెక్టేనా?"

"కరెక్టే. మరి తక్కిన లెక్కలు?"

"అవి చూసేలోపల టైమయిపాయ."

తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లలో ఎవరి సాయం లేకుండా ఆయన తేల్చిన మొదటి లెక్క అది. ఏడుపొచ్చింది. పళ్లెంలో అన్నం పెట్టి పక్కన కూర్చున్నాను.

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు.

"కసాగు చేసుంటే ఎంతసేపు పట్టేది?"

"నిమిషం."

"చూపించు మరి," అని ఎడమ చేత్తో పెన్ను నా వైపు జరిపాడు. "ఇంక పరీక్ష లేదులే. నిదానంగా చెప్పు."