ఉప్పు కడుపులు

మా అమోకే ఊరి బడి గేటు దగ్గర అలసంద గారెలు అమ్మే ఉలోమా ఏకపాత్రాభినయం చేస్తానంటే నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏటా ఆగస్టులో మా ఊరి ఆడవాళ్లంతా పట్నాల నుంచి వచ్చి సభ పెట్టుకుంటారు. దేశం నుంచి విడిపోవాలని మేం చేసిన బయాఫ్రా యుద్ధం ముగిసి ఇరవై నాలుగేళ్లయింది, ఆ రోజుల్లో మన ఆడవాళ్లు ఎలా బతికారో స్టేజీ మీద చూపించాలని ఆడవాళ్ల సంఘం పెద్ద ఓగెరీ అంది. ఉలోమా చెయ్యెత్తింది.

"గారె తిప్పినంత తేలిక కాదే అది," అంది ఓగెరీ.

"గారె మాడితే నువ్వొక్కదానివే తిడతావు, అది మాడితే ఊరంతా తిడుతుంది. అంతేగా?"

ఉలోమాకు చదువు రాదు. ఆమె చెబుతుంటే నేను రాసిపెట్టాను. చివరి ఘట్టం దగ్గర ఒక మనిషి పేరు వచ్చింది. కలం పక్కన పెట్టాను. ఆ మనిషి మా చర్చి పెద్ద ఒకెజీ.

"ఈ పేరు వద్దు ఉలోమా. ముగ్గురు కొడుకులున్నారు, ముగ్గురూ మొరటువాళ్లు."

"పేరు చెప్పను టీచరమ్మా. మనిషిని చూపిస్తా, చాలు."

సభ రోజు హాలు కిటకిటలాడింది. ఒకెజీ ముందు వరసలోనే కూర్చున్నాడు. ఉలోమా తలగుడ్డ కట్టు మార్చినప్పుడల్లా ఇంకో మనిషైపోయింది. బల్లులు కాల్చి పిల్లలకు పెట్టిన విధవరాలైంది. విమానం సంత మీద బాంబులు వేసి పోయాక, గాజుల ఆనవాలు పట్టి తల్లి చేతిని ఏరుకున్న కూతురైంది. హాల్లో ఏడవని ఆడమనిషి లేదు.

ఆ తర్వాత తన కథే ఎత్తుకుంది. తిండి లేక పిల్లల కాళ్లు ఉబ్బిపోతున్నాయి, ఊళ్లో చిటికెడు ఉప్పైనా లేదు. ఉప్పు శత్రువుల వైపు ఉంది. ఉలోమా, ఆమె స్నేహితురాలు అహుదియా అడవిలో పడి అవతలికి వెళ్లారు. ఉలోమా ఉప్పు మూటను పొట్టకు కట్టుకుని కడుపుతో ఉన్నదానిలా తిరిగొచ్చింది. అహుదియాకు నిజంగానే ఏడో నెల. శత్రుసైన్యం కళ్లు కప్పి వచ్చినవాళ్లు సొంతవాళ్ల కాపలా దగ్గర దొరికిపోయారు.

స్టేజీ మీద ఉలోమా సిపాయిగా మారింది. ఎడమ భుజం దించి, అరచేతి వెనకతో మూతి తుడుచుకుంది. "శత్రువుకి దారి చూపించి ఉప్పు తెచ్చుకున్నారు. అవునా కాదా?"

ఆ భుజం, ఆ మూతి తుడుచుకోవడం, ఆ "అవునా కాదా" మేం ప్రతి ఆదివారం చర్చిలో చూసేవే.

సిపాయి తుపాకీ చివరి కత్తితో ఉలోమా పొట్ట మీది మూట చీల్చాడు. ఉప్పు కారింది. అహుదియా చేతులు జోడించింది. "అన్నా, నాది ఉప్పు కాదు, నిజం కడుపే."

"అందరూ అదే అంటారు," అని నవ్వి వాడు పొడిచాడు. ఈసారి ఉప్పు రాలేదు, నెత్తురు ఉలోమా మీదికి చిమ్మింది. అహుదియా రెండు చేతులతో పొట్ట పట్టుకుని, పేగుల మీదే కూలబడింది. ఉలోమా గుప్పెడు ఉప్పు వాడి కళ్లలో కొట్టి పరుగెత్తింది. వెనక నుంచి తూటా వచ్చింది. ఏనాడూ తల చూపించని ఉలోమా స్టేజీ మీద తలగుడ్డ విప్పేసింది. ఎడమ చెవి సగమే ఉంది.

"మా నాన్నని హంతకుడంటావా, గారెలదానా!" ఒకెజీ కొడుకులు ముగ్గురూ స్టేజీ ఎక్కారు. పెద్దవాడు ఇనప కుర్చీ ఎత్తి కొట్టాడు. ఉలోమా కుడిచెయ్యి విరిగిన చప్పుడు వెనక వరసదాకా వినిపించింది. కిందపడినదాన్ని నోటి మీద తన్నారు. అడ్డుపడ్డ నాకు నుదురు పగిలింది. ఒకెజీ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

నాలుగోరోజు పొద్దున్నే ఓగెరీ చాటింపు వేయించింది. ఆడవాళ్లకు అన్యాయం చేసిన మగాడి వాకిట్లో ఆడవాళ్లంతా వెళ్లి కూర్చోవడం మా ఆచారం. రెండు వందల మంది రోకళ్లు పట్టుకుని పోయాం. ఊళ్లో పొయ్యి వెలగలేదు. పెద్దకొడుకు కత్తి పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. వాడి వెనకే వాళ్లమ్మ వచ్చింది. వాణ్ని తోసుకుని వచ్చి మా మధ్యలో చతికిలబడింది.

"ముందు నన్ను నరకరా. ఇరవయ్యేళ్లుగా మీ నాన్న నిద్దట్లో అరుస్తుంటే చెవులు మూసుకున్నదాన్ని నేనే."

కత్తి కిందికి దిగింది.

ఉలోమా చేతికి బద్దలు కట్టి ఉన్నాయి. "మొన్న సగంలో ఆపారు. మిగతాది చూడండి," అని వాకిట్లోనే మొదలుపెట్టింది.

"ఇంటికి చేరేసరికి అహుదియా కూతురు, రెండేళ్లది, ఉబ్బిన కాళ్లతో పడి ఉంది. ఉప్పంతా పోయింది. నా పొట్టకు కట్టిన గుడ్డ ఒక్కటే మిగిలింది. దాన్ని నీళ్లలో పిండి ఆ నీళ్లు పిల్లకి పట్టాను. అందులో ఉప్పూ ఉంది, వాళ్లమ్మ నెత్తురూ ఉంది."

ఆ పిల్లే ఒలెడో. మా మధ్యలోనే కూర్చుని ఉంది. తల్లి జ్వరంతో పోయిందని చెప్పి ఉలోమాయే పెంచింది. పట్నంలో ఉండి మొన్న సభకు ఆమె రాలేదు, ఆ పొద్దున్నే ఊళ్లో దిగింది. అసలు సంగతి వినడం అదే మొదలు. ఒలెడో లేచి గుమ్మం దాకా వెళ్లింది. "మా అమ్మని ఎక్కడ పెట్టావు?"

ఒకెజీ బయటికొచ్చాడు. "నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ద్రోహుల్ని వదిలితే నిన్నే కాలుస్తామన్నారు..."

"అది నేనడగలేదు."

"పాత కసావా దుంపల మర వెనక. పూడిపోయిన బావిలో."

ఆ రోజే తవ్వాం. ఎముకల్లో నడుముకు కట్టుకునే ఎర్రపూసల దండ దొరికింది. చిన్న ఎముకలు కూడా దొరికాయి. వాటిని ఓగెరీ ఎవరికీ చూపించకుండా తన గుడ్డలో చుట్టింది. రెండింటినీ ఒకే గోతిలో పెట్టాం.

పాదిరి వచ్చి, కొడుకుల మీద పెట్టిన పోలీసు కేసు వెనక్కి తీసుకోమని ఉలోమాని బతిమాలాడు. "క్షమిస్తే ఇంకో ఆడదాని చెయ్యి విరుగుతుంది," అందామె. పెద్దవాడు ఏడాది జైల్లో ఉన్నాడు. ఒకెజీని చర్చి పెద్దరికంలోంచి తీసేశారు. ఎవరూ పలకరించక, చివరికి ఊరొదిలిపోయాడు.

ఒలెడో నెలరోజులు ఉలోమాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నా ఎదురుగానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాకు ఆ చావు తప్ప ఏమీ చూపించలేదు నువ్వు. మా అమ్మ ఎలా నవ్వేది?"

ఉలోమా లేచి నిలబడి చూపించింది.