కర్చీఫ్ వేసి పట్టిన సీటు

ఈ రోజు నంద్యాల బస్టాండులో కిటికీలోంచి కర్చీఫు, టిఫిన్ సంచీ వేసి రెండు సీట్లు పట్టాను. ఒకటి నాకు, ఇంకోటి మా ఆఫీసు మాధవికి. ఆళ్లగడ్డ చేరేలోగా మనసులో మాట చెప్పేయాలని ఆరు నెలల ఆశ.

బస్సు కదులుతుండగా ఒక పెద్దామె ఎక్కి నా ముఖమే చూసింది. బస్సులో అంతమంది ఉండగా అందరికీ నా ముఖమే ఎందుకు కనబడుతుందో! లేచి సీటిచ్చాను.

శిరివెళ్ల దాటేసరికి ఆమె పర్సులోంచి కొడుకు ఫోటో తీసి పక్కనున్న మాధవికి చూపించింది. మాధవి సిగ్గుపడింది.

"అప్పా, నాకు కండ్లు ఆనవు. ఈ పాప వాళ్ల నాయన నంబరు నా ఫోన్లో ఎక్కియ్యి."

"ఏం పేరు పెట్టాల పెద్దమ్మా?"

"వియ్యంకుడని పెట్టు."

పెట్టాను. ఒత్తు కూడా తప్పు పోనివ్వలేదు.

నిజం చెప్పండి, మీరైతే లేచేవాళ్లా?